మనవాడే అన్న చిలుక

అనగనగా కుంతలగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యాన్ని మణిమంతుడనే రాజు ఏలేవాడు. మంచివాడే గాని బాగా ముసలివాడైపోయాడు. కళ్ళు దాదాపు కనిపించవు, చెవులు సరిగా వినిపించవు. అందుకని రాజ్యం సంగతులన్నీ సభే చూసుకునేది. ఊరూరా జనం తమకు నచ్చినవాణ్ణి ఎంచి ఆ సభకు పంపేవారు. సభలో రెండు పక్షాలుండేవి. ఒక పక్షం వాళ్ళు ఎర్ర తలపాగా చుట్టేవారు, ఇంకో పక్షం వాళ్ళు తెల్ల తలపాగా చుట్టేవారు. ఎర్రపాగాలు ఔనంటే తెల్లపాగాలు కాదనేవారు. తెల్లపాగాలు ఔనంటే ఎర్రపాగాలు కాదనేవారు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో ధూమ్రాక్షుడనే మాంత్రికుడు కుంతలగిరి మీద కన్నేశాడు. ఆ రాజ్యానికి తాగునీరైనా సాగునీరైనా నీలవేణి నదే ఆధారం. వాడు మంత్రం వేసి ఆ నదిని కొండల్లోనే కట్టేశాడు. ఏటా పంటలో మూడో వంతు బండ్లకెత్తి సముద్రపు ఒడ్డుకు పంపితే నదిని కాస్త వదిలేవాడు. పంపకపోతే చుక్క నీళ్ళుండేవి కావు. ఈ కప్పం ఎర్రపాగాల ఏలుబడిలో మొదలైంది. తెల్లపాగాలు ఊరూరా తిరిగి, మమ్మల్ని ఎంచుకోండి, కప్పం ఆపిస్తాం అని చెప్పారు. జనం నమ్మారు. ఎంచుకున్నారు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతు, రెండోవాడు వీరకేతు, మూడోవాడు సుకేతు. ముగ్గురూ తెల్లపాగా పక్షమే. సభలో చేరిన రోజున వాళ్ళు నిప్పు ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నారు. తెల్లపాగా వాడి మీద తెల్లపాగా వాడు ఎన్నడూ నోరెత్తకూడదని. అప్పటికి సుకేతుకు మీసాలు కూడా సరిగా రాలేదు. అన్నల పక్కన నిలబడి ఒట్టు వేస్తుంటే వాడికి ఒళ్ళు పులకరించింది.

ముందు జయకేతు మాంత్రికుడి మీదికి వెళ్ళాడు. కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. చేతిలో బంగారు పంజరం, పంజరంలో చిలుక. మాంత్రికుడితో సంధి చేసుకున్నానని, స్నేహానికి గుర్తుగా ఈ చిలుకనిచ్చాడని సభలో చెప్పాడు. నదిలో నీళ్ళు మునుపటికన్నా కొంచెం పెరిగాయి. కప్పం మాత్రం ఆగలేదు. కాకపోతే దాన్ని కప్పం అనవద్దని, కానుక అనమని సభ తీర్మానం చేసింది. జయకేతు ఆ పంజరాన్ని తన పడకగదిలో వేలాడదీసుకున్నాడు.

కొన్నేళ్ళకు వీరకేతు వెళ్ళాడు. వీరకేతు నిప్పులాంటి మనిషి. ఒకరి చేతి మంచినీళ్ళు కూడా ఊరికే తాగేవాడు కాదు. అతను వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఏం జరిగిందని ఎవరడిగినా, అన్న మాటే నా మాట అనేవాడు. ఆ తర్వాత సభకు రావడం తగ్గించేశాడు. గుర్రపుశాలలో గుర్రాలకు మాలీసు చేసుకుంటూ కాలం గడిపేవాడు.

ఇక మిగిలింది సుకేతు. ఆ ఏడు వానలు లేవు. పంటలో మూడో వంతు పోతే మిగిలేది గడ్డే. సుకేతు ముసలి తండ్రి పాదాలకు దణ్ణం పెట్టి బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున వాడికొక గాడిద కనిపించింది. వీపంతా పుండ్లు. సుకేతు గుర్రం దిగి, తన ఉత్తరీయం చింపి, కొబ్బరినూనెలో ముంచి పుండ్లకు కట్టు కట్టాడు. అప్పుడా గాడిద మనిషిలా మాట్లాడింది.

"నాయనా, కానుక ధాన్యం మోసీ మోసీ ఇలా అయ్యాను. నువ్వు మంచివాడిలా ఉన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ ధాన్యం అంతా దీవికి పోదు. సగం ఆ కొండ వెనక గాదెల్లోకి పోతుంది. ఆ గాదెల తాళాలు మీ ఊళ్ళోనే ఉన్నాయి. తెల్లపాగాల దగ్గర ఎక్కువ, ఎర్రపాగాల దగ్గర కొంచెం."

సుకేతు నమ్మలేదు. గాడిద వాడితో వాదించకుండా కొండ వెనక్కి తీసుకెళ్ళి గాదెలు చూపించింది. వాటి చుట్టూ కావలి కాసేవాళ్ళు వాడికి చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళే. జయకేతు నౌకర్లు. సుకేతు గాదెలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని ఒడ్డుకు వచ్చేశాడు.

ఒడ్డున ఒక పెద్ద తాబేలు ఉంది. సుకేతు దాని వీపెక్కాడు. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, మూడో సముద్రం దాటారు. దారిలో తాబేలు, మీ అన్నలిద్దరినీ కూడా నేనే దాటించానని చెప్పింది. వెళ్ళేటప్పుడు అందరూ నీలాగే తేలిగ్గా ఉంటారు, వచ్చేటప్పుడే బరువెక్కుతారు అంది. చిన్నన్న వట్టి చేతులతో వచ్చాడు కదా, ఆయనకు బరువెక్కడిదని సుకేతు అడిగాడు. ఇద్దరిలోకీ ఆయనే ఎక్కువ బరువున్నాడు అంది తాబేలు. అలా ఏడు సముద్రాలూ దాటి దీవి చేరారు.

మాంత్రికుడి ఇంట్లో వంట చేసే అమ్మాయి పేరు తారావళి. కుంతలగిరి బండివాడి కూతురే. ఒక ఏడు ధాన్యం తగ్గిందని మాంత్రికుడు ఆ పిల్లను తెచ్చి వంటింట్లో పెట్టాడు. సొంత ఊరి మనిషిని చూసి ఆమె సుకేతుకు ముందు కడుపునిండా అన్నం పెట్టింది. తర్వాత, నీకు మూడు పరీక్షలుంటాయని, మూడోది పరీక్షలా కనిపించదని, అక్కడే జాగ్రత్తగా ఉండమని చెప్పింది.

మొదటి పరీక్ష బంగారపు గది. ఈ తలుపులోంచి వెళ్ళి ఆ తలుపులోంచి రావాలి, ఏమీ తీసుకోకూడదు. సుకేతుకు బంగారం మీద ఆశ లేదు. తల వంచుకుని నడిచాడు. కానీ చివరి గూట్లో ఒక నీలమణి ఉంది. అది వాడితో మెల్లగా మాట్లాడింది. నన్ను అరగదీసి కంటికి రాస్తే పోయిన చూపు వస్తుందంది. సుకేతు ఆగిపోయాడు. తన మొహం తడిమి తడిమి గుర్తుపట్టే తండ్రి గుర్తొచ్చాడు. మణిని తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. నాకోసం కాదు కదా అనుకున్నాడు. రెండడుగులు వేశాడు కూడా. అన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడని అప్పుడు తోచింది. వెనక్కి వెళ్ళి మణిని గూట్లో పెట్టేశాడు. బయటికి వచ్చేసరికి వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

రెండో పరీక్ష పులి. అది వాడి చుట్టూ తిరిగింది, వాడి మెడ మీద ఊపిరి వదిలింది. మణిని వదిలి వచ్చినవాడికి పులి పెద్ద లెక్కలోకి రాలేదు. సుకేతు కదలకుండా కూర్చున్నాడు. పులి విసుగెత్తి వెళ్ళిపోయింది.

మూడో పరీక్షకు తారావళి వాడిని పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ నులకమంచం మీద ఒక ముసలాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. కొమ్ములు లేవు, కోరలు లేవు. ఆయనే ధూమ్రాక్షుడు. కూర్చోమని వాడికీ గుప్పెడు కాయలిచ్చాడు.

"నా ప్రాణం ఎక్కడుందో తెలుసుకోవాలని వచ్చావు. చెబుతా విను. మీ పెద్దన్న పడకగదిలో చిలుక ఉంది చూడు, దాన్లో ఉంది. దాని మెడ విరిస్తే నేను చస్తాను, మీ నది మీకొస్తుంది."

సుకేతు తెల్లబోయాడు. ఇంత దాచుకోవలసిన సంగతి ఇలా చెప్పేస్తున్నావేమిటని అడిగాడు.

"మీ చిన్నన్నకూ చెప్పాను. వాడూ బంగారం ముట్టలేదు, పులికి బెదరలేదు. ఇంటికెళ్ళి నోరు మూసుకున్నాడు. ఆ చిలుక సంగతి బయటపడితే మీ అన్న పోతాడు, మీ పక్షం పోతుంది, ఎర్రపాగాలు మళ్ళీ వస్తారు. అందుకే నా ప్రాణం మీ ఇంట్లో పెట్టాను బాబూ. ఈ లోకంలో అంతకన్నా భద్రమైన చోటు నాకు దొరకలేదు."

అలా అని మళ్ళీ కాయలు ఒలుచుకోసాగాడు. పరీక్షలు నెగ్గినందుకు ఏం కావాలో కోరుకోమన్నాడు. సుకేతు తారావళిని ఇంటికి పంపమన్నాడు. తీసుకుపొమ్మని మాంత్రికుడు చెయ్యి ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు ఏడు సముద్రాలూ తాబేలు బరువుగా ఈదింది.

సుకేతు ఇల్లు చేరి నేరుగా గుర్రపుశాలకు వెళ్ళాడు. వీరకేతు వాడి మొహం చూడగానే చేతిలో మాలీసు గుడ్డ కింద పెట్టాడు.

"చెప్పాడా?" అన్నాడు.

"చెప్పాడు చిన్నన్నా."

"నేను ఏమీ తీసుకోలేదు తమ్ముడూ. ఆ ఒక్క మాటతో ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను."

తర్వాత సుకేతు తెల్లపాగా పెద్దల దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. వాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. నువ్వు చెప్పింది నిజమే, కానీ ఇప్పుడు కాదు, కోతలు అయ్యాక మాట్లాడదాం అన్నారు. సుకేతు ఆగాడు. కోతలయ్యాయి. బండ్లు ఒడ్డుకు వెళ్ళాయి. మళ్ళీ అడిగితే, జయకేతు కూతురి పెళ్ళి ఉంది, శుభకార్యం ముందు ఈ గొడవ ఎందుకన్నారు. సుకేతు ఆగాడు. పెళ్ళిలో వడ్డన కూడా చేశాడు. మూడోసారి అడిగితే, జయకేతు పట్టాభిషేకం దగ్గరపడింది, అది కానిచ్చి చూద్దామన్నారు. ఆ ఆగిన కాలంలో సుకేతుకు అన్నం సయించేది కాదు. మాంత్రికుడిదే గెలుపని, తాను కూడా గుర్రాలకు మాలీసు చేసుకోవడానికి తయారవుతున్నానని వాడికి అర్థమైంది.

తారావళి బావి దగ్గర కనిపించినప్పుడు వాడు ఆ మాటే ఆమెతో అన్నాడు. ఆమె చేద లాగుతోంది. చేదలో నీళ్ళకన్నా బురదే ఎక్కువుంది.

"మీరు ఆగగలరు. మేం ఆగలేం" అంది.

మర్నాడు సభలో సుకేతు లేచి నిలబడ్డాడు. ముందు తలపాగా తీసి పీట మీద పెట్టాడు. తర్వాత గాదెల సంగతి, చిలుక సంగతి అంతా చెప్పాడు. ఎర్రపాగాల తాళాల సంగతి కూడా చెప్పేసరికి, అంతవరకూ బల్లలు చరిచి మెచ్చుకున్న ఎర్రపాగాలు చేతులు వెనక్కి తీసుకున్నారు. పక్షద్రోహి అని తెల్లపాగాలు కేకలేశారు. నీ మాటకు సాక్షి ఎవరని ఒక పెద్ద అడిగాడు. సుకేతు ఎవరివైపూ చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుందని చూడలేదు.

అప్పుడు వెనక వరసలో వీరకేతు లేచాడు. చాలా ఏళ్ళకు సభకు వచ్చాడు. బిగిసిపోయిన తలపాగా ముడి విప్పలేక కాసేపు తంటాలుపడి, చివరికి తీసేశాడు.

"నేను సాక్షిని. తమ్ముడికన్నా ముందే నాకు తెలుసు. ఇన్నాళ్ళు చెప్పకపోవడం నా తప్పు" అన్నాడు.

ఆయన కూర్చోకముందే ఒక మూల ఎవరో తలపాగా తీశారు. ఇంకో మూల ఇంకొకరు. అందరూ తీయలేదు. సగం మంది కూడా తీయలేదు. కానీ చాలినంత మంది తీశారు. చిలుకను తెమ్మని సభ తీర్మానించింది.

సుకేతు అన్న గదికి వెళ్ళాడు. జయకేతు పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కత్తి దూయలేదు, తిట్టలేదు. మొదట తను కూడా ఊరికోసమే ఈ చిలుకను తీసుకున్నానని చెప్పాడు. సగం నీళ్ళయినా వస్తాయి కదా అనుకున్నాడట. తర్వాత పక్షం ఖర్చులకు ధాన్యం తీసుకున్నాడట. ఆ తర్వాత ఎందుకు తీసుకుంటున్నాడో తనకే తెలియకుండా పోయిందట. చెప్పి, పంజరం తలుపు తనే తెరిచాడు.

చిలుక సుకేతు చేతిలోకి వచ్చింది. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. వాడి మొహంలోకి చూసి అది, "మనవాడే, మనవాడే" అంది. సొంత అన్న గొంతుతోనే అంది. సుకేతు కళ్ళు మూసుకుని మెడ విరిచాడు.

ఏడు సముద్రాల అవతల ధూమ్రాక్షుడు నులకమంచం మీద ఒరిగిపోయాడు. కొండల్లో బండలు పగిలి నీలవేణి పరవళ్ళు తొక్కుకుంటూ వచ్చింది. జనం పిల్లలతో సహా నీళ్ళలోకి దిగి అరిచారు. సుకేతు గట్టుమీదే కూర్చున్నాడు. వాడికి సంతోషంకన్నా నిద్ర ఎక్కువగా వచ్చింది.

జయకేతు సరిహద్దు కోటకు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు తమ్ముడితో మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ మాట్లాడలేదు. అది సుకేతుకు జీవితాంతం గుచ్చుకుంటూనే ఉంది. జనం సుకేతునే రాజును చేయమన్నారు. తారావళిని ఇష్టమేనా అని అడిగి, ఆమె సరేనన్నాక పెళ్ళి చేసుకున్నాడు. చూపులేని తండ్రి ఇద్దరి మొహాలూ తడిమి దీవించాడు. వీరకేతు మంత్రి అయ్యాడు.

మాంత్రికుడు చచ్చాడు కదా, ఇక సుఖమే అనుకుంటున్నారా? గాదెలు పోయాయి గాని కాలువలొచ్చాయి. కాలువలకు తూములొచ్చాయి. ఏ తూము ముందు ఎత్తాలో చెప్పేవాళ్ళొచ్చారు. తలపాగాలు వదిలేసినవాళ్ళే కలిసి కొత్తగా పచ్చపాగా పక్షం పెట్టారు. రోజూ ఎవరో ఒకరు పళ్ళబుట్ట పట్టుకుని వచ్చేవారు, సుకేతు వెనక్కి పంపేవాడు. పంపీ పంపీ వాడి జుట్టు నెరిసింది.

ఒకనాడు మధ్యాహ్నం భోజనమయ్యాక వీరకేతు వచ్చాడు. తారావళి తమ్ముడు తూముకాపరికి ఏదో ముట్టజెప్పి తన పొలానికి ముందు నీళ్ళు పెట్టించుకుంటున్నాడని చెప్పాడు. కింది ఊళ్ళు ఎండుతున్నాయట. పచ్చపాగా పెద్దలు, ఇప్పుడు కాదు, పండగ వెళ్ళాక చూద్దామంటున్నారట.

సుకేతు తారావళి వైపు చూశాడు. ఆమె విస్తళ్ళు తీసి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత, ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళండి అంది.

సుకేతుకు మోకాళ్ళ నొప్పులు. గోడ పట్టుకుని లేచి, చెప్పులు వేసుకుని, అన్నతో కలిసి సభకు నడిచాడు. అలా అలసిపోతూనే చాలా కాలం ఏలాడు. ఆ కాలమంతా నీలవేణి నీళ్ళు చివరి ఊరి చివరి మడి దాకా పారాయి.