పట్టీ బిగువు

ఆ నెలలో మూడో ఫిస్టులా గడ్డకట్టింది.

ఉద్దానం వైపు ఒక ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు అది. పన్నెండు మెషిన్లు, రోజుకు మూడు బ్యాచీలు. హైమ అక్కడ టెక్నీషియన్‌గా చేరి ఏడాది దాటింది. ఫిస్టులా అంటే చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టి, సూదులు గుచ్చడానికి చేసిన దారి. అందులో రక్తం గడ్డకడితే ఆ దారి మూసుకున్నట్టే. మెడలో గొట్టం వెయ్యాలి, ఇంకోచోట మళ్ళీ ఆపరేషన్, అది పనికొచ్చేదాకా నెలల ఎదురుచూపు. అలాంటి దారి వేయడానికి మనిషి చేతుల్లో ఎన్నో చోట్లు ఉండవు.

కారణాలు రాసిమ్మని డాక్టరుగారు అడిగారు. హైమ రెండు రోజులు పాత కేస్‌షీట్లన్నీ తిరగేసి రాసింది. షుగరు. పడిపోయే బీపీ. సన్నటి నరాలు. చుట్టలు. ఆ చేత్తోనే నీళ్ళ బిందె మొయ్యడం. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం. రెండు పేజీలు వచ్చాయి. తీసుకెళ్ళి పాపినాయుడు మేస్టారికి చూపించింది.

ఆయన ఆ వార్డు తెరిచిన రోజు నుంచీ ఉన్న మనిషి. హైమకి సూది పట్టడం నేర్పింది ఆయనే.

"ముగ్గురిలోనూ వీటిలో నాలుగైదు ఉన్నాయి మేస్టారూ. ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇంక మనం మాత్రం ఏం చేస్తాం?" అంది. ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ.

మేస్టారు కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివారు.

"అన్నీ నిజమే. ఇంకోటి ఉందమ్మా."

"ఏంటండీ?"

"మధ్యాహ్నం బ్యాచీని మెషిన్ల మీంచి దింపేటప్పుడు నేనూ ఉంటాను," అన్నారు.

మధ్యాహ్నం బ్యాచీలో డిల్లెమ్మ ఉంది. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆమె వేళ్ళు నల్లబడిపోయాయి. కుడిచేతి ఫిస్టులా నిరుడే మూసుకుపోయింది. ఇప్పుడున్నది ఎడమచేతిది. ఆ రోజు చివరి గంటలో ఆమె బీపీ బాగా దిగింది.

టైమైంది. హైమ సూదులు రెండూ తీసి, గాజుగుడ్డ మడతలు వేసి, పైన సాగే పట్టీ బిగించి కట్టింది. చుక్క రక్తం కారలేదు. పక్క మెషిను అప్పటికే కూస్తోంది. అటు పరిగెత్తింది.

అక్కడి పని ముగించి వెనక్కి తిరిగేసరికి మేస్టారు ఎదురుగా ఉన్నారు.

"నీ చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

ఎందుకో అర్థం కాకపోయినా ఇచ్చింది. ఆయన ఆమె ముంజేతి మీద గాజుగుడ్డ పెట్టి, పైన పట్టీ చుట్టి, ఆమె కట్టినంత బిగువుగానే కట్టారు. వెళ్ళి కేస్‌షీట్లు రాసుకుంటూ కూర్చున్నారు.

హైమ ఒక్క చేత్తోనే ఇద్దరికి బీపీ చూసింది. కాసేపటికి వేళ్ళు ఉబ్బినట్టయ్యాయి. తర్వాత చిమచిమలాడాయి. గోళ్ళు నీలంగా కనిపిస్తుంటే ఇక ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నొప్పెడుతోంది మేస్టారూ. ఎప్పుడు విప్పుతారు?"

ఆయన తలెత్తలేదు.

"డిల్లెమ్మది ఎప్పుడు విప్పుతావు?"

హైమ గడియారం వంక చూసింది. ఇరవై అయిదు నిమిషాలు. తన చేతికున్న పట్టీతోనే పరిగెత్తింది.

డిల్లెమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. హైమ పట్టీకి పైన వేళ్ళు ఆనించింది. లోపల రక్తం పారుతుంటే గరగరమని అదరాల్సిన చెయ్యి ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. గబగబా పట్టీ విప్పేసింది.

"సెయ్యి మొద్దుబారిపోనాది తల్లీ," అంది డిల్లెమ్మ కళ్ళు తెరిచి. "నీకు పనెక్కువ గదా అని సెప్పనేదు."

సూది పోట్ల దగ్గర రక్తం ఉబికింది. మేస్టారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. దిగిన బీపీ లేచేలా కాళ్ళ కింద దిండు పెట్టమని హైమకి సైగ చేసి, కొత్త గాజుగుడ్డ పెట్టి, పైన రెండు వేళ్ళు మాత్రం ఆనించారు.

డిల్లెమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇదీ పోనాదా బావూ?"

"ఉండు తల్లీ," అన్నారాయన.

అయిదు నిమిషాలు. పది. వార్డులో మిగతా మెషిన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన వేళ్ళు కదల్లేదు. అప్పుడు రెండో చేత్తో హైమ వేళ్ళు పట్టుకుని కాస్త పైకి, డిల్లెమ్మ మోచేతి మడత దగ్గర పెట్టారు.

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత సన్నగా, నిద్రపోతున్న పిల్లి గుర్రుమన్నట్టు, లోపల ఏదో అదిరింది.

హైమకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఆ ముగ్గురికీ... నేనే కట్టానేమో మేస్టారూ."

"నువ్వు కట్టావో, నేను కట్టానో. ఇన్నేళ్ళలో నేను ఎందరికి బిగించానో నాకు మాత్రం తెలుసా?" ఆయన గొంతు చాలా అలసిపోయి ఉంది. "ఒంట్లో ఓపిక లేని రోజున పట్టీ ఇంకాస్త బిగుస్తుందమ్మా."

ఆమె చేతి పట్టీ ఆయనే విప్పారు.

చివరి మంచం మీదున్న పేషెంటు ధర్మారావుకి సూదులు తియ్యాలి. హైమ సూదులు తీసి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, గాజుగుడ్డ మీద రెండు వేళ్ళు పెట్టింది. నడుం లాగుతోంది. ఎరుపు గుడ్డ అంచుకి రావడం చూసి, తొందరగా ఆగితే బాగుండుననిపించి, తెలియకుండానే గట్టిగా నొక్కింది.

వెనక నుంచి మేస్టారు మెల్లగా అన్నారు.

"కారడం ఆగాలమ్మా. పారడం కాదు."

హైమ వేళ్ళు సడలించింది.