రాయితో వచ్చినది

తన సముద్రపు తొట్టెలోని ఏ ప్రాణినీ, దాని పేరు పుస్తకంలో రాయనిదే బయటికి తీయనివ్వరు పైడయ్య మాస్టారు. భీమిలిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన ముందుగదిలో, గోడ పొడవునా ఉన్న ఆ గాజుతొట్టె నిండా పగడాలే. రోజూ సాయంత్రం ప్రగతి వచ్చి వాటికి మేత వేస్తుంది. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ఊళ్లో ఏ ధర్నా జరిగినా మైకు ఆమె చేతిలోనే ఉంటుంది. తొట్టె మధ్యలో పచ్చగా మెరిసే నక్షత్ర పగడమంటే ఆమెకు ప్రాణం. దానికి రాణి అని పేరు పెట్టింది. మిగతావాటికంటే రెండు చుక్కల మేత ఎక్కువ వేస్తుంది.

ఒక ఆదివారం ఆమె అడిగింది: "మాస్టారూ, శత్రువుని గుర్తుపట్టడం ఎలా?"

ఆయన కొత్తగా కొన్న రాయి ఒకటి ఆమె చేతికిచ్చి, రాణి పక్కన పెట్టమన్నారు.

రాయితోపాటు ఒకటి వచ్చింది. గోధుమరంగులో, బొత్తామంత. పగడమేనన్నారు మాస్టారు, ఏ పగడమో ఆయనకీ అంతుచిక్కలేదు. ప్రగతి ఫోటో తీసి పగడాలు పెంచేవాళ్ల గ్రూపులో పెడితే, పద్నాలుగు మంది తొమ్మిది పేర్లు చెప్పారు. అది మాత్రం ఎప్పుడు చూసినా పిడికిలిలా ముడుచుకునే ఉండేది.

బుధవారానికి దాని పక్కనున్న చిన్న పగడం చచ్చిపోయింది. కండ కరిగి, తెల్లటి ఎముక మిగిలింది. శుక్రవారం ఇంకొకటి. ఆ వరసలో తర్వాతిది, మాస్టారు ఇరవై రెండేళ్లుగా సాకుతున్న మెదడు పగడం.

"ఇది వచ్చాకే చావులు మొదలయ్యాయి. ఇంకేం సాక్ష్యం కావాలి మాస్టారూ? చూస్తూ ఊరుకోవడమూ నేరమే!"

"దాని పేరేటమ్మా?"

"హంతకుడికి పేరెందుకండీ?"

"పుస్తకంలో రాయాలి కదా. హంతకుడని రాసేస్తావేటి?"

ప్రగతి పుస్తకం లాక్కుంది. ఆ తొమ్మిది పేర్లలోకీ చెడ్డపేరు ఏదో అది రాసింది. చాకుతో దాన్ని గీకి, ఉప్పునీళ్ల గిన్నెలో పడేసింది. ఆ గిన్నెలో, తెగిన ఒళ్లుతో, అది మొదటిసారి విచ్చుకుంది. లోపల లేత ఊదారంగు. మర్నాటికి చచ్చిపోయింది.

మూడోరోజు మెదడు పగడం అంచు తెల్లబడింది.

ప్రగతి రాగానే మాస్టారు కిటికీలు మూసి, తొట్టెమీద నల్లదుప్పటి కప్పారు. "చీకటి పడిందనుకోవాలవి. కూర్చో." ముప్పావుగంటయ్యాక దుప్పటి కొస ఎత్తి, ఎర్రకాగితం చుట్టిన టార్చి వేశారు.

రాణి ఒంట్లోంచి దారాలు వేలాడుతున్నాయి. జానెడేసి పొడవు, కంటికి ఆనీ ఆననంత సన్నం. నీళ్లలో గుడ్డివాడి వేళ్లలా తడుముకుంటూ సాగుతున్నాయి. చచ్చినవాటి ఎముకల్ని దాటి, గీకేసిన ఖాళీచోటు దాటి, మెదడు పగడం మీద వాలుతున్నాయి. తాకినచోట కండ ముడుచుకుపోతోంది.

"నువ్వు గీకేసిందే ఇన్నాళ్లూ అడ్డంగా కూచుని ఆ దెబ్బలు కాసింది," అన్నారు మాస్టారు.

"మరి రాణి ఇదివరకు ఎవర్నీ చంపలేదే!"

"ఇదివరకు దానికి అంత దూరం చెయ్యి సాగేది కాదు. ఇప్పుడు బలిసింది."

మేత వేసిన చెయ్యి ఎవరిదో ఆయన అడగలేదు. ప్రగతి పుస్తకం తెరిచి, తాను రాసిన పేరు కొట్టేయబోయింది. "ఉండనీ," అన్నారాయన. "అది దాని పేరు కాదు. నీ దస్తూరీ."

ఆమె తొట్టె అద్దానికి అరచెయ్యి ఆన్చింది. దారాలు ఆగాయి. తర్వాత, ఒక్కొక్కటే, మెదడు పగడాన్ని వదిలి ఇటు తిరిగాయి. అద్దానికి అవతల, సరిగ్గా ఆమె అయిదు వేళ్ల ఎదుట వచ్చి గుమిగూడాయి.

ప్రగతి చెయ్యి తీయలేకపోయింది.

"గుర్తుపట్టడం ఎలాగని అడిగావు కదమ్మా," అన్నారు మాస్టారు, టార్చి ఆర్పుతూ. "చూడు, అది నిన్ను గుర్తుపట్టింది."