పెంటకుప్ప కింద కవర్లు

శుభకృత్ నామ సంవత్సరం, మృగశిర కార్తె. తొలకరి పడిన వారమే గేదె పోలమ్మ దూడ చచ్చిపోయింది. దాని కడుపు నిండా ప్లాస్టిక్ కవర్లే. మరునాడు అడవి అంచు సంతకు పెద్ద అయిన ఏనుగు తీర్పు చెప్పింది.

"దసరా నుంచి ఇక్కడ ప్లాస్టిక్ కవరు కనబడకూడదు. మట్టిలో కలిసే కవరు లేని అంగడికి సంతలో చోటు లేదు."

అలాంటి కవర్లు చేసేది గిజిగాళ్లు మాత్రమే, అదీ మొక్కజొన్న పిండితో, ఏడాదికొక్కసారి. నక్క అందరికంటే ముందు వాటి దగ్గరికి పోయి ఉన్నవన్నీ తీసుకుంది.

"అన్నీ నీకేనా మామా?" అంది ఆడ గిజిగాడు.

"ఊరందరికీ నేనే పంచుతానమ్మా. ఏనుగుకు మాట కూడా ఇచ్చాను. పంచలేకపోతే నా చోటు తీసేయమన్నాను."

"అయితే ఎత్తున, పొడిగా ఉంచు. తడి తగిలితే ఇవి నిలవవు."

నక్క లోలోపల నవ్వుకుంది. కవరు చెడిపోవడం ఎక్కడైనా ఉందా? పన్నెండేళ్ల కిందట తన పాత ధాన్యపు పాతరలో పడేసిన కవర్లు ఇప్పటికీ తళతళలాడుతున్నాయి.

దారిలో కూరగాయలమ్మే కుందేలు ఎదురైంది. "బావా, నా వంతు కవర్లు?"

"దసరాకి ఇస్తాలే. నీ చోటు నాకు వదిలేసి, నా అంగట్లో తూకం వేస్తూ కూర్చో."

"నా వంకాయలకి నేనే కూలిదాన్నా?"

"కవరు లేకపోతే ఆ కూలీ కూడా ఉండదు మరి."

నక్క కవర్లను పాతరలోకి దించి, ఎద్దును పిలిచింది. "దీని మీద నీ పెంట పొయ్యి. ఎవరూ ముక్కు పెట్టి చూడరు."

"పెంట కింద పెట్టింది పెంటే అవుతుంది. పైకి తియ్యి," అంది ఎద్దు.

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి. పొయ్యవయ్యా."

ఎద్దు పోసింది. నాలుగు నెలలు వానలు కురిశాయి. పొద్దున్నే ఆ కుప్ప మీద ఆవిరి లేచేది.

దసరా నాడు సంతంతా పాతర చుట్టూ చేరింది. కుందేలు తన చోటు వదులుకోవడానికి సిద్ధపడే వచ్చింది. ఎద్దు కొమ్ములతో కుప్పను పక్కకు నెట్టింది.



పాతర అంచుల దాకా నల్లటి మట్టి. వెచ్చగా ఉంది, తొలివాన వాసన వేస్తోంది. వానపాములు అటూ ఇటూ కదులుతున్నాయి. నడుమ ఒక గుమ్మడి గింజ పగిలి తెల్లటి మొలక వేసింది. నక్క మోచేతుల దాకా కెలికింది. గోరంత కవరు ముక్క దొరకలేదు. అడుగున మాత్రం పన్నెండేళ్ల నాటి ప్లాస్టిక్ కవర్లు తగిలాయి. వాటి మీది ఎర్ర పువ్వు బొమ్మ రంగు కూడా తగ్గలేదు.

తీర్పు చెప్పిన ఏనుగే తొండం మట్టి మీద ఆనించింది. "ఇదంతా కవరేనా?"

"అవును తాతా. అంతకు ముందు మొక్కజొన్న," అంది గిజిగాడు.

"మరి అడుగువి?"

"వాటికి చావు రాదు."

పోలమ్మ ముందుకొచ్చి మట్టిని వాసన చూసింది. సంతకొచ్చిన పిల్లలు దానికి దారి వదిలి నిలబడ్డారు.

ఆ రోజుకి మోదుగాకు దొప్పల్లో అమ్ముకోమంది ఏనుగు. కుందేలు తన చోటునే కూర్చుంది.

దాచేవాడు ముందు దాచే వస్తువు గుణం తెలుసుకోవాలి.

నక్కకు తాతల నాటి అంగడి చోటు పోయింది.