ఎర్ర దుప్పటిలో ఖాళీ మూల

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో కన్నా. తల అటు కాదు, ఇటు. రోజూ పెట్టే మూలకే పెట్టు. ఎందుకని అడక్కు, కథ అయ్యేలోపు నీకే తెలుస్తుంది. ఊఁ కొట్టడం మానేశావంటే మాత్రం నేనూ ఆపేసి పడుకుంటాను. నాకూ నిద్రొస్తోంది.

అనగనగా ఒక ఊళ్ళో ఏ ఇంటి దండెం చూసినా బొమ్మలే ఆరుతుండేవి. ఏటి ఒడ్డు ఊరు అది. అక్కడ ఆడా మగా అందరూ సన్నటి వెదురుపుల్లకి పీలికలు చుట్టి, ఆ కలంతో గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్ళు.

ఆ ఊళ్ళో మునెమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ నెమలిని వేస్తే దాని ముందు పిల్లలు గింజలు చల్లేవాళ్ళట. కొంచెం పెంచి చెబుతున్నాలే, అయినా బాగా వేసేది. మొగుడు గురవయ్యకి ఒక్క గీత గీయడం రాదు. రంగులు కాచడం, గుడ్డలు ఉతకడం ఆయన పని. వాళ్ళకి ఏడేళ్ళ కూతురు. అదెవరో తర్వాత చెబుతాను. నీలాగే అమ్మ కొంగు వదిలేది కాదు.

వాళ్ళ పనిలో ఒక వింత ఉంది, అది ముందే చెప్పాలి. బొమ్మ ఎర్రగా రావాలంటే ఎర్ర రంగు పుయ్యరు. పటిక నీళ్ళతో వేస్తారు. అది ఆరిపోతే గుడ్డ మీద ఏమీ కనబడదు. ఆ తర్వాత దాన్ని ఏట్లో, పారే నీళ్ళలో ఉతుకుతారు. ఆ తర్వాత మంజిష్ఠ వేళ్ళు వేసి మరిగించిన గంగాళంలో ఉడకబెడతారు. అప్పుడు పటిక తగిలిన చోటల్లా ఎర్రగా బొమ్మ బయటికొస్తుంది. అంతవరకు అందులో ఏముందో వేసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు.

అలా ఉండగా మునెమ్మకి దగ్గు పట్టుకుంది. మొదట మిరియాల కషాయం ఇచ్చారు, తగ్గలేదు. తర్వాత దిష్టి తీశారు, తగ్గలేదు. ఆ తర్వాత ఒకరోజు దగ్గితే కొంగు మీద నెత్తురు పడింది. అప్పుడు గురవయ్య ఆమెని బస్సెక్కించి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ చూసి, ఊపిరితిత్తుల జబ్బు అని చెప్పింది. నయమవుతుంది, కానీ ఏడాది పాటు ఒక్క రోజు కూడా మానకుండా మందులు మింగాలి అంది. ఆ తర్వాత ఇంకో మాట అంది. ఇది అంటుకునే జబ్బు, పిల్లని దగ్గరికి రానివ్వకండి, ఈవిడ ముట్టుకున్నవి ఏవైనా ఉడకబెట్టాకే పిల్ల ముట్టుకోవాలి అని. మునెమ్మ జబ్బు మాట విన్నప్పుడు ఏడవలేదు గానీ, ఈ మాటకి ఏడ్చింది.

ఇంటికొచ్చాక రంగులు కాచే పాకలో ఆమెకి మంచం వేశారు. గురవయ్య పాక ముందు సున్నంతో ఒక గీత గీశాడు. పిల్ల దాన్ని దాటకూడదు. జన్మలో ఆయన గీసిన మొదటి గీత అదే, వంకరగా వచ్చింది.

అప్పుడు చూడ్డానికి జనం వచ్చారు. ఒకావిడ వచ్చి మంచం దగ్గర కూర్చుని ఏడ్చి వెళ్ళింది. ఇంకొకావిడ ఇదే జబ్బుతో పోయిన వాళ్ళ మేనమామ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మూడో ఆవిడ గీత ఇవతలే నిలబడి పిల్ల తల నిమిరి, పాపం, ఇక దీనికెవరు దిక్కో అంది. మెల్లగా అనలేదు, మునెమ్మకి వినబడేలాగే అంది. అలాంటివాళ్ళని చీపురు తిరగేసి తరమాలి. గురవయ్య మెత్తని మనిషి, మజ్జిగిచ్చి పంపాడు.

ఆ మాటతో మునెమ్మ మనసు విరిగిపోయింది. గోడ వైపు తిరిగి పడుకునేది. గంజి పెడితే వద్దనేది. మాత్రలు మింగినట్టే మింగి, ఎవరూ చూడకుండా పాక తాటాకుల్లో దోపేసేది.

ఎవరూ చూడలేదనుకుంది గానీ పిల్ల చూసింది. గీత ఇవతల కూర్చుని రోజంతా అమ్మనే చూస్తుంటే కనబడదూ? మొదటి రోజు చూసి ఊరుకుంది. రెండో రోజూ ఊరుకుంది. మూడో రోజు గీత అంచున నిలబడి నోరు తెరిచింది.

"అమ్మా, నాకో బొమ్మ వేసిపెట్టు."

"నా చెయ్యి తగిలినవి నువ్వు ముట్టుకోకూడదమ్మా."

"ఉడకబెడితే ముట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిందిగా. మన గుడ్డలు ఎలాగూ ఉడుకుతాయి."

మునెమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఇంతమంది పెద్దవాళ్ళం, మనకెవరికీ తట్టలేదే అనుకుంది. అప్పుడు లేచి కూర్చుని కలం అడిగింది.

గురవయ్య అక్క చెంగమ్మ పక్కింట్లోనే ఉండేది. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో గుడ్డలు నానబెట్టి సిద్ధం చేసేది ఆవిడే. ఆవిడకి తాటాకుల్లో మాత్రల సంగతి పిల్ల చెప్పేసింది. చెంగమ్మ కలం తెచ్చింది, ఇవ్వలేదు. "మాత్ర మింగి నోరు తెరిచి చూపించు. అప్పుడిస్తాను" అంది. ఆ రోజు నుంచి అదే పద్ధతి, ముందు మాత్ర, ఆ తర్వాతే కలం.

మొదటి గుడ్డ అరచెయ్యంత. ఉడకబెడితే ఎర్ర చిలక వచ్చింది. పిల్ల దాన్ని రాత్రీ పగలూ చేతిలోనే పెట్టుకుంది. రెండో గుడ్డ పలకంత. అందులో గెంతుతున్న దూడ వచ్చింది. ఇక మూడో గుడ్డ దుప్పటంత, రెండు బారలుంటుంది.

ఆ మూడోదాంట్లో ఏం వేస్తోందో మునెమ్మ ఎవరికీ చెప్పలేదు. వేసే గీత కంటికి ఆనడానికి కొందరు పటిక నీళ్ళలో, ఉతికితే పోయే రంగు కాస్త కలుపుకుంటారు. ఆవిడ అదీ కలపలేదు. అన్నీ కళ్ళలోనే పెట్టుకుంది. ఒంట్లో బాగున్న రోజున ఒక జంతువుని మొత్తం వేసేది. జ్వరం వచ్చిన రోజున ఒక్క ఆకు. లేవలేని రోజున కలం చేత్తో పట్టుకుని పడుకునేది, అంతే. చెంగమ్మ పక్కన కూర్చుని గుడ్డ జరుపుతూ, నాకైనా చెప్పవే అని బతిమాలేది. మునెమ్మ నవ్వేది. ఆ నవ్వు కోసమే చెంగమ్మ రోజూ అడిగేది.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఎండాకాలం వచ్చింది. అప్పుడు మునెమ్మకి మళ్ళీ జ్వరం తిరగబెట్టింది. ఊపిరితిత్తికి నీరు పట్టిందన్నారు. గురవయ్య పట్నం తీసుకెళ్ళడానికి బండి కట్టించాడు. బండెక్కే ముందు మునెమ్మ గీత అవతల ఆగి పిల్లతో చెప్పింది. "ఒక్క మూల మిగిలింది. వచ్చి అది వేస్తాను. అప్పుడు ఉడకబెడదాం."

ఒక వారం పోయింది, రాలేదు. రెండో వారం పోయింది, రాలేదు. మూడో వారం పోయింది. గుడ్డ పాకలో దండెం మీద ఖాళీగా వేలాడుతోంది. పిల్ల గీత దగ్గర నిలబడి దాన్నే చూసేది. లోపల అంతా అమ్మ వేసిందే ఉంది, కంటికి మాత్రం కనబడదు. బొమ్మలు బయటికొస్తే అమ్మ కూడా వచ్చేస్తుందని దాని బుర్రకి తోచింది. ఏడేళ్ళ బుర్ర కదా.

ఆ రోజు చెంగమ్మ వాకిట్లో మంజిష్ఠ గంగాళం మరిగిస్తూ, కట్టెలు అయిపోతే తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. అప్పుడు పిల్ల పొడుగాటి కర్రతో గుడ్డని ఇవతలికి లాగింది. చేత్తో మాత్రం ముట్టుకోలేదు, ఉడకందే ముట్టుకోకూడదుగా. ముందు ఉతకాలని కూడా దానికి తెలుసు. కానీ ఏరు ఎండిపోయి ఇసకే మిగిలింది. అందుకని గాబులో ఉన్న నీళ్ళలోనే ముంచి కర్రతో కలియబెట్టింది. ఆ తర్వాత గంగాళంలో వేసింది.

పారే నీళ్ళైతే ఎక్కువైన పటికని తీసుకుపోతాయి కన్నా. నిలవ నీళ్ళు ఎక్కడికి తీసుకుపోతాయి? పటిక గాబంతా కలిసి మళ్ళీ గుడ్డకే పట్టుకుంది. గంగాళంలోంచి తీసేసరికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎరుపు. చిలకా లేదు, చెట్టూ లేదు. చెంగమ్మత్త చేతిలో కట్టెలు కింద పడేసింది. నేను గంగాళం పక్కనే కూలబడి ఏడ్చాను.

ఆఁ, నోరు జారాను. ఆ పిల్లని నేనే. మునెమ్మ మా అమ్మ, నీకు తాతమ్మ.

అమ్మ ఎనిమిది నెలలు కూర్చుని వేసింది నేను పోగొట్టాను, ఇక అమ్మ కూడా పోతుంది అనుకున్నాను. అన్నం మానేశాను. మర్నాడు నాన్న పట్నం నుంచి వచ్చాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన ఆ ఎర్ర గుడ్డని చూశాడు, నన్ను చూశాడు, పక్కన కూర్చున్నాడు. "అమ్మ గుడ్డలో లేదమ్మా, ఆసుపత్రిలో ఉంది. నిన్న జావ మొత్తం తాగింది" అన్నాడు. మా నాన్న నాతో అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడ్డం అదే మొదలు. అప్పుడు నేనూ అన్నం తిన్నాను.

ఆ తర్వాత ఆసుపత్రిలో అమ్మ కఫం పరీక్ష చేశారు. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ జబ్బు పురుగు కనబడలేదు. మందులు ఇంకా కొన్నాళ్ళు మింగాలి గానీ పిల్లని దగ్గరికి తీసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

అమ్మ బండి దిగింది. సగమైపోయింది మనిషి. వచ్చి గీత మీద నిలబడి కాలితో ఆ సున్నాన్ని చెరిపింది. నేను మాత్రం దగ్గరికి పోలేదు. దండెం మీద వేలాడుతున్న ఆ ఎర్ర దుప్పటి వెనక దాక్కున్నాను, ఏం ముఖం పెట్టుకుని పోను? అప్పుడు అమ్మ దుప్పటి తీసుకుని మంచం మీద పరిచింది. తిట్టలేదు. దాని మీద వేలు పెట్టి, "ఇక్కడ పులి ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుని కుంటుతోంది. నీకు కనబడదు, నాకు తెలుసు" అంది.

ఆ రోజు ఆ పులి కథ చెప్పింది. మర్నాడు ఇంకో చోట వేలు పెట్టి కుండలో దాక్కున్న కప్ప కథ చెప్పింది. ఆ మర్నాడు కొంగ కథ. బొమ్మలు వచ్చుంటే ఒక్కసారి చూసి ఊరుకునేదాన్ని. రాలేదు కాబట్టి ఏళ్ళ తరబడి అమ్మ పక్కన పడుకుని విన్నాను. ఇప్పటిదాకా నీకు నేను చెప్పిన కథలన్నీ ఈ దుప్పట్లోవే. కుంటి పులి నీ మోకాలి దగ్గరుంది, కాలు అలా తన్నకు.

అన్నీ అయ్యాక ఒకరోజు నేనే వేలు పెట్టి అడిగాను, అమ్మా, ఈ మూలకి ఏముంది అని.

"అక్కడేమీ లేదు. అది నిన్ను వెయ్యాల్సిన చోటు" అంది అమ్మ. "దగ్గరికి రానివ్వకూడదు కదా, గుడ్డ మీదైనా పెట్టుకుందామనుకున్నాను. ఇప్పుడు నువ్వే వచ్చావుగా. ఇక వెయ్యడం ఎందుకు?"

అని నన్ను లాక్కుని నా తల సరిగ్గా ఆ మూల మీద పెట్టుకుంది. ఆ తర్వాత మీ అమ్మ తల అక్కడే పెట్టాను. ఇప్పుడు నీ తల ఉంది చూడు, అక్కడే.

ఊఁ కొట్టడం మానేశావు. సరే.

కథేమో కంచికి,
కలమేమో గూటికి,
పులేమో అడవికి,
కన్నేమో నిద్రకి.
మనమా? మనం ఇంట్లోనే ఉన్నాం, పడుకో.