మంగతాయారు మామిడి కప్పు

కొంగలపాలెంలో గవర్రాజు ఇంటివాళ్ళకి ఒకటే గర్వం. ఊళ్ళో మిగతావాళ్ళకి తెలివి ఉంటే ఉండొచ్చు గానీ, చెప్పిన మాట చెప్పినట్టు చేసే తెలివి మాత్రం తమ ఇంట్లోనే ఉందని. "సగం విని సగం సొంతంగా చేసేవాళ్ళు వేరు, మనం వేరు" అనేది గవర్రాజు తల్లి అచ్చియ్యమ్మ, అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళకి వినపడేట్టు.

ఆ ఇంటి కోడలు మంగతాయారు. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు "పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమో చూడమ్మా" అంది. మంగతాయారు వెళ్ళి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. పాలు పొంగాయి. చూసింది. పొయ్యంతా పారాయి. అదీ చూసింది. గిన్నె మాడి నల్లబడేదాకా ఉండి, తాపీగా వచ్చి "పొంగాయండి అత్తయ్యా, మొదటినుంచీ చూశాను" అంది. అంతే! అచ్చియ్యమ్మ కోడల్ని కావిలించుకుని, "నా కొడుక్కి తగ్గ పిల్ల దొరికింది" అని కళ్ళు ఒత్తుకుంది.

అలాంటి మంగతాయారుకి నడివయసులో షుగరొచ్చింది.

టౌన్లో డాక్టరమ్మ కాగితం చూసి, "ఇప్పుడే మొదలు, కంగారేం లేదు" అంది. "తీపి అన్నది ఇంట్లోకి రానివ్వకండి. స్వీటు కనపడితే దాని మీద చెయ్యి వెయ్యకండి. ఏం తిన్నా నడవండి. వచ్చే నెల మళ్ళీ చూస్తాను. తగ్గకపోతే ఇక ఇంజెక్షన్లే, రోజూ."

ఇంజెక్షన్ అన్న మాట వినగానే మంగతాయారు లేచి మొగుడి వెనక దాక్కుంది. చిన్నప్పుడు టీకాలవాళ్ళొస్తే గడ్డివాములో దూరి, వాళ్ళు పక్కూరు దాటేదాకా బయటికి రాని మనిషి. చీర కుట్టుకునే సూది చూసినా మొహం అటు తిప్పుకుని కుడుతుంది. అందుకే ఆవిడ కుట్టిన జాకెట్టుకి చేతులు ఎప్పుడూ వీపు మీదే ఉంటాయి.

"అన్నీ చెప్పినట్టే చేస్తామండి" అని అత్తా, మొగుడూ, మరిదీ, తనూ నలుగురూ డాక్టరమ్మకి దణ్ణం పెట్టి వచ్చారు.

ఇంటికి రాగానే గవర్రాజు తమ్ముడు బుల్లియ్య కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తీపి ఇంట్లోకి రాకుండా. వంటింట్లో ఉన్న పంచదార డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టారు. ఇక కాఫీలు అరుగు మీదే. పాయసం అరుగు మీదే. పక్కింటి సత్యవేణి గిన్నెనిండా సున్నుండలు తెచ్చి గుమ్మం ఎక్కబోతే బుల్లియ్య కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగక్కా! లోపలికి వీల్లేదు."

"ఏంట్రా, మీ వదినకని తెచ్చాను."

"వదినే బయటికొస్తుంది. నువ్వక్కడే ఉండు."

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ వీధిలోకొచ్చి, సున్నుండలన్నీ వీధిలోనే తిని, చేతులు దులుపుకుని లోపలికెళ్ళారు. "చూశావా, ఇంట్లోకి ఒక్క పలుకు రానిచ్చామా?" అంది అచ్చియ్యమ్మ మూతి తుడుచుకుంటూ.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మంగతాయారు మనసు మాత్రం కుదుటగా లేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి ఆటోలో వస్తుంటే హైవే పక్కన కొత్తగా పెట్టిన ఫాస్ట్‌ఫుడ్ షాపు కనపడింది. షాపు మీద తాటిచెట్టంత బొమ్మ. తెల్లటి ఐస్‌క్రీము, దాని మీద మామిడి గుజ్జు ధారకట్టి జారుతోంది, పైన తొక్కతో సహా ఓ మామిడి ముక్క గుచ్చి ఉంది. కింద "మామిడి కప్పు, ఈ సీజన్‌లో మాత్రమే" అని రాసుంది. మంగతాయారు కూడబలుక్కుని చదువుకుంది. అప్పట్నుంచీ చెంబులో నీళ్ళు చూసినా పసుపుపచ్చగా కనపడుతున్నాయి. కానీ నోరు తెరిచి అడగడానికి సిగ్గు. ఈ వయసులో, ఈ జబ్బుతో, చంటిపిల్లలా ఐస్‌క్రీమేంటి? తన్ను తానే తిట్టుకునేది. తిట్టుకున్నాక మళ్ళీ ఆ కప్పే గుర్తొచ్చేది.

చివరికి మొగుడికి చెప్పుకుంది. "ఏవండీ, సీజన్ పోతే మళ్ళీ ఏడాదిదాకా రాదంట. తింటే ఇంజెక్షన్ అంట. ఏం చెయ్యమంటారు?"

గవర్రాజు మీసం దువ్వాడు. "డాక్టరమ్మ ఏమంది? ఇంట్లోకి రానివ్వద్దంది. షాపు మనిల్లా?"

"కాదండి."

"చెయ్యి వెయ్యొద్దంది. నువ్వు చెయ్యి వెయ్యకు. నేను పెడతాను. నాకు షుగర్ లేదుగా."

"మరి నడవమంది కదండీ?"

"నడుస్తూ తిను. ఎప్పటిదప్పుడు కరిగిపోతుంది."

అంతే! మొగుడి తెలివికి మంగతాయారు నిలువునా పొంగిపోయింది.

మర్నాడు నలుగురూ షాపుకెళ్ళారు. కౌంటర్లో ఉన్న పిల్ల "ఇక్కడ తింటారా, ఇంటికి పట్టుకెళ్తారా ఆంటీ?" అంది.

"అమ్మో, ఇంటికి వద్దమ్మా! ఇంటికైతే చచ్చిపోతాను" అంది మంగతాయారు.

కప్పు వచ్చింది. మంగతాయారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. గవర్రాజు చెంచా పట్టుకుని, ఆవిడకి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తుంటే, ఆవిడ నోరు తెరుచుకుని అతని వెంట నడిచింది. వెనక అచ్చియ్యమ్మ రెండో కప్పుతో సిద్ధం. అందరికంటే ముందు బుల్లియ్య, "జరగండి, జరగండి, మా వదిన షుగర్ కరుగుతోంది!" అని అరుస్తూ దారి చేస్తున్నాడు. బల్లల చుట్టూ ఒక చుట్టు, ఇంకో చుట్టు. జనం తినడం మానేసి చూస్తున్నారు. సిగ్గుతో మంగతాయారు చీరకొంగు మొహం మీదికి లాక్కుంది, నోటికి మాత్రం సందు వదిలి. మూల కూర్చున్న ఓ ముసలాయన ఇదేదో మొక్కు అనుకున్నాడు కాబోలు, చెప్పులు విడిచి, చేతులు జోడించి వెనక చేరాడు. ఆయన్ని చూసి ఇంకిద్దరు ఆడవాళ్ళు చేరారు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది, గుడనుకున్నారా? కూర్చుని తినండి!"

"కూర్చుంటే మా కోడలికి సూదులు పొడుస్తారు నాయనా. నీకేం పోయింది?" అంది అచ్చియ్యమ్మ. మేనేజరు మొహంలోకి చూస్తూ వెనక్కి నడుస్తున్న గవర్రాజు నేల తుడిచే బకెట్లో కాలు పెట్టి, వెల్లకిలా పడ్డాడు. చెంచా మాత్రం వదల్లేదు. మంగతాయారు వంగి, ఆ చెంచాలోది తినేసి, అప్పుడు మొగుణ్ణి లేపింది.

అలా నెల గడిచింది. రోజూ కప్పు, రోజూ నడక. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఏం చేశారమ్మా ఇది? షుగరు కొండెక్కి కూర్చుంది!"

"అన్నీ మీరు చెప్పినట్టే చేశామండి" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

ఇంకేముంది, ఇంజెక్షన్లు రాసేసింది. మంగతాయారు గొల్లుమంది. నర్సమ్మ పక్క గదిలోకి తీసుకెళ్ళి, సూది వెయ్యడం చూపించడానికి తన టిఫిను సంచిలోంచి ఓ బంగినపల్లి పండు తీసింది. మంగతాయారు కళ్ళు గట్టిగా మూసుకుని గోడకి తిరిగింది.

"చూడండి బాబూ," అంది నర్సమ్మ గవర్రాజుతో. "ఇలా చర్మం రెండు వేళ్ళతో పట్టుకోవాలి. ఇలా గుచ్చాలి. ఇలా మందు నొక్కాలి. సూది తీసి దూదితో అద్దాలి. రోజూ అన్నానికి ముందు, నేనెలా చేశానో అచ్చం అలాగే చెయ్యాలి. వేశాక అరగంటలో ఏదో ఒకటి తినాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి."

"అచ్చం అలాగేనా?" అన్నాడు గవర్రాజు.

"అచ్చం అలాగే."

అంతే! దారిలోనే బుట్టెడు బంగినపల్లి పళ్ళు కొన్నారు. బుల్లియ్య రసాలు చవకన్నాడు గానీ గవర్రాజు ఒప్పుకోలేదు. "నర్సమ్మది బంగినపల్లిరా. సొంత తెలివి వద్దు."

అన్నం వేళైంది. మంగతాయారు అరుగు మీద స్తంభం వాటేసుకుని, కళ్ళు మూసుకుని వణికిపోతోంది. గవర్రాజు పండు పట్టుకున్నాడు. గుచ్చాడు. నొక్కాడు. దూదితో అద్దాడు.

"అయిపోయింది, కళ్ళు తెరు."

"అయిపోయిందా? నాకు చీమ కుట్టినట్టన్నా లేదే!"

"ఎలా ఉంటుంది మరి?" అంది అచ్చియ్యమ్మ. "ఎంతెంత చదువులు చదివారో, నొప్పంతా పండుకే పోయేట్టు కనిపెట్టారు."

మంగతాయారుకి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఊరికే భయపడ్డాను, గడ్డివాములో ఒళ్ళంతా దురద తెచ్చుకున్నాను అని తన్ను తానే తిట్టుకుని, అరగంటలో ఏదో ఒకటి తినాలి కాబట్టి ఆ పండే తినేసింది. ఆ తర్వాత ఇంజెక్షనంటే ఆవిడే ముందొచ్చి కూర్చునేది. "ఏవండీ, ఇవాళ కాస్త పెద్ద పండుకి వెయ్యండి" అనేది.

సుఖంగా గడుస్తుండగా వానలు పడ్డాయి. మామిడిపళ్ళు అయిపోయాయి. సంతలో లేవు, తోటలో లేవు. అన్నం వేళ దాటిపోతోంది. మంగతాయారు ఖాళీ బుట్ట బోర్లించి చూసింది. పండు లేకపోతే సూది ఎక్కడ దిగాలి?

"అరటిపండుకి వేద్దామన్నయ్యా" అన్నాడు బుల్లియ్య.

"నర్సమ్మ అరటిపండు చూపించిందట్రా? మీ వదిన ప్రాణం అనుకున్నావా, ఇంకేమన్నా అనుకున్నావా?"

అప్పుడు మంగతాయారే, సిగ్గుపడుతూ, కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఏవండీ... కప్పు మీద మామిడి ముక్క ఉంటుంది కదండీ. తొక్కతో సహా."

అంతే! నలుగురూ హైవే మీద పరుగు. కౌంటర్లో పిల్ల "ఇదే ఆఖరు కప్పు ఆంటీ, సీజన్ అయిపోయింది" అని బల్ల మీద పెట్టింది. గవర్రాజు ముక్క తొక్క రెండు వేళ్ళతో పట్టుకుని సూది తీశాడు. మంగతాయారు స్తంభం కోసం వెతికి, దొరక్క, మేనేజర్ని పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అంకుల్, ఏం చేస్తున్నారు?" అని కేకేసింది ఆ పిల్ల.

"మా ఆవిడకి ఇంజెక్షనమ్మా."

"ఆంటీ అటుంది కదా!"

"మామిడి ఇటుంది కదమ్మా" అని విసుక్కుని, గుచ్చి, నొక్కి, దూదితో అద్దాడు. అచ్చియ్యమ్మ వంగి కప్పు మీద "ఉఫ్, ఉఫ్" అని ఊదింది, మంట తగ్గడానికి.

కప్పు ఖాళీ చేశాక మంగతాయారు బెంగగా అడిగింది. "రేపట్నుంచి ఏముంటుందమ్మా?"

"వానాకాలం స్పెషల్ ఆంటీ. చాక్లెట్ కప్పు."

మర్నాడు చాక్లెట్ కప్పు పట్టుకుని నలుగురూ నర్సమ్మ దగ్గరికెళ్ళారు. గవర్రాజు కప్పు ఆవిడ ముందు పెట్టి, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"సీజన్ మారిందమ్మా. దీనికి చర్మం ఎక్కడుంటుందో కాస్త చూపిస్తే, పట్టుకుని గుచ్చుతాం."

నర్సమ్మ కప్పు చూసింది. సూది చూసింది. గవర్రాజుని అడిగింది, సంగతంతా విన్నది, కుర్చీలో కూలబడింది. లేచి, సూదిలో మందు ఎక్కించి, మంగతాయారు జబ్బ పట్టుకుంది.

మంగతాయారు కళ్ళు తెరిచి చూసింది. సూది తనవైపే వస్తోంది!

"ఏవండోయ్! నర్సమ్మకి మతిపోయింది! మనిషేదో మామిడిపండేదో తెలియట్లేదు!"

ఇంకేముంది, బుల్లియ్య వదినని లాగాడు, అచ్చియ్యమ్మ తలుపు తీసింది, గవర్రాజు కప్పు అందుకున్నాడు, నలుగురూ వీధిలో పడి ఒకటే పరుగు. వెనక నర్సమ్మ, "ఆగండమ్మా, ఆగండి!" అని సూదితో తరుముతోంది.

"పాపం, నిన్నమొన్నటిదాకా బాగానే ఉండేది" అని రొప్పుతోంది అచ్చియ్యమ్మ. "ఇక ఈ ఊళ్ళో తెలివున్నవాళ్ళం మనమే మిగిలాం."

గవర్రాజు పరిగెత్తుతూనే పెళ్ళాం వైపు తిరిగి, వెనక్కి పరిగెడుతూ చెంచా చాపాడు.

"ఎలాగూ పరుగే కదా, ఇంతకంటే బాగా ఎప్పుడు కరుగుతుంది? నోరు తెరు!"