కదలని అతుకు

నరసింగరావు మాస్టారిని లెక్క అడిగితే సుద్దముక్క తియ్యరు, చెప్పులు తొడుక్కుంటారు. ఆయన దగ్గర గణితం నేర్చుకున్నవాళ్ళకి బుర్రతో పాటు కాళ్ళు కూడా అరిగేవి.

ఒకనాడు శిష్యురాలు హైమ వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న జాలరిపేట రెండు సంఘాలుగా విడిపోబోతోంది. ఎవరు ఎటు చేరితే తెగే సంబంధాలు తక్కువో చూసిపెట్టమని పెద్దలు ఆమెని అడిగారు. హైమ మనిషికో చుక్క పెట్టి, రాకపోకలున్న చుక్కల మధ్య గీతలు గీసి, ఆ అల్లికకి ఐగెన్ విలువలు, అంటే అది ఏయే తీరుల్లో ఊగగలదో చెప్పే అంకెలు, కట్టింది. మొదటిది సున్నా, దానితో పని లేదు. దాని పై విలువతో మనిషికో అంకె వచ్చింది. ధనసంఖ్య వచ్చినవాళ్ళు ఒక గుంపు, రుణసంఖ్య వచ్చినవాళ్ళు ఇంకో గుంపు. అంతా కుదిరింది, ముసలి కాసమ్మ దగ్గర తప్ప. కొడుకులిద్దరూ చెరో గుంపులో పడ్డారు. ఆమె అంకె మాత్రం ఇంచుమించు సున్నా.

“ఈవిడని ఎటు వెయ్యమంటారు మాస్టారూ? ఏ పక్కకీ చెందదు,” అంది హైమ, అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టి.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

వాళ్ళు జాలరిపేట వెళ్ళేసరికి కాసమ్మ కొడుకులు దానయ్య, ఎల్లాజి ఉమ్మడి వలని పంచుకోబోతున్నారు. ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. సరుగుడు చెట్ల మధ్య తాడుకి వల వేలాడదీసి, సరిగ్గా సగానికి కొలిచి, పెద్దవాడు దానయ్య కత్తి తీశాడు. అక్కడ కోస్తే మంచి అల్లికంతా పాడవుతుంది. పంతం మీదున్నవాళ్ళకి అదెక్కడ కనిపిస్తుంది?

“ముందు చెరో చివర పట్టుకుని ఊపండి,” అన్నారు మాస్టారు.

ఇద్దరూ ఒకేసారి ముందుకి తోశారు. వల మొత్తం ఒక్కటిగా వెళ్ళింది. కోపంకొద్దీ గబగబా ఊపారు. వలంతా వణికింది, ఏమీ తెలియలేదు.

“మెల్లగా. ఒకరు తోస్తుంటే ఒకరు లాగండి.”

ఇప్పుడు ఒక భాగం ముందుకి పోతే రెండోది వెనక్కి వచ్చింది. మధ్యలో జానెడు మేర మాత్రం కదలలేదు. అది దానయ్య కొలిచిన చోటు కాదు. ఎప్పుడో చిరిగిపోతే ముతక దారంతో వేసిన అతుకు. రెండు భాగాలనీ కలుపుతున్నవి ఆ నాలుగు పోగులే.

దానయ్య కత్తి అక్కడ ఆనించాడు. ఇసకలో కూర్చున్న కాసమ్మ తలెత్తింది.

“కొయ్యండ్రా. కోసినాక ఆ అతుకు మాత్రం నాకిచ్చీండి. అది నా సేత్తో ఏసింది.”

కత్తి కదలలేదు. ఎల్లాజి వల చివర వదిలి అన్న వైపు తిరిగాడు. “రేపు కోద్దుంలే అన్నా.”

తిరుగుదారిలో హైమ తన అంకెల కాగితం తీసింది. “అయినా కాసమ్మ పేరు ఎటు రాయను మాస్టారూ?” అంది.

“కదలనిది ఏ పక్కకీ చెందదనుకున్నావా అమ్మా? రెండు పక్కలా లాగుతుంటేనే కదా, అది అక్కడ నిలిచింది.”