చిలకమ్మ పైట ఎటు?

అనగా అనగా రైలు బొగ్గు తిని పరుగెత్తే కాలం. రెండు మూపుల కొండ కింద ఓ చిన్న స్టేషను. అక్కడ చిలకమ్మ నూతిలో నీళ్లు తోడి జనానికి పోసేది. పొద్దుటి బండికి పోసేది, మధ్యాహ్నం బండికి పోసేది, సాయంత్రం బండికి పోసేది. "తాగండి బావూ, తాగి ఎల్లండి" అనేది. ఆమె నోట వేరే మాట విన్నవాళ్లు తక్కువ.

చిలకమ్మ పోయింది. ఏళ్లు గడిచాయి. పట్టాలు వెడల్పు చేశారు. పాత స్టేషను పడగొట్టారు. నూతి మీద బండలు పరిచి మట్టి కప్పేశారు. ఊరు కూడా అవతలికి జరిగింది. ఎక్కడ ఏముండేదో తెలిసిన ముసలాళ్లు ఒక్కొక్కరే కాటికి పోయారు.

అప్పుడొచ్చింది కరువు. మూడేళ్లు చినుకు లేదు. చెరువు ఎండింది, ఏరు ఎండింది, పసిపిల్లల నోరు ఎండింది. ఎన్నడూ ఎండనిది చిలకమ్మ నుయ్యి ఒక్కటే. అదేమో మట్టి కింద ఉంది.

ఊరిపెద్ద అప్పలసూరి కొత్త స్టేషను గోడ మీదున్న పాత స్టేషను ఫోటో దింపించాడు. స్టేషను మాస్టరు ఆ కొండకే ఎదురుగా నిలబడి కొత్త ఫోటో తీయించాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు.

"కొండ అదే."

"కొండ అదేరా, చింతచెట్టేది?"

"కొట్టేసినారు గదా."

"మరి గూడ్సు షెడ్డు ఇటుండాల."

"ఇటు కాదు, అటు."

చూసినకొద్దీ బుర్ర తిరిగింది. కొండకి రెండు మూపులూ అచ్చం ఒకటే. ఊరి పేరున్న బోర్డు ఫోటోలో పడనే లేదు. పడింది ఒక్కటే, కొండకి కుడిపక్క నుయ్యి, నూతి దగ్గర కుడిపైటతో చిలకమ్మ. ఆ ఊరి ఆడవాళ్లందరిదీ కుడిపైటే. అందుకని అది ఎవరికీ వింతగా తోచలేదు.

కుడిపక్క తవ్వారు. బొగ్గుమసి వచ్చింది. ఇంకాస్త జరిగి తవ్వారు. రాయి తగిలింది. మూడోసారి తవ్వితే ఎవరిదో పాత చెప్పు దొరికింది. ఊరొదిలి పోదామని కొందరు మూటలు కట్టేశారు.

ఆఖరికి పొరుగూళ్లో ఉన్న చిలకమ్మ కూతురు బంగారికి కబురు పెట్టారు. చిన్నప్పుడే పెళ్లై వెళ్లిపోయిన మనిషి.

"నుయ్యెక్కడో నాకేటి తెలుసు బావూ" అంటూనే ఫోటో అందుకుంది. చాలాసేపు చూసింది. "ఈవిడ మా అమ్మ కాదు" అంది.

అందరూ తెల్లమొహాలు వేశారు.

"మొకం అమ్మదే. పైట కాదు. అమ్మ దూరం నుంచొచ్చిన కోడలు. వాళ్లది ఎడంపైట. ఊరంతా ఎక్కిరించినా, మా నాయనమ్మ కొట్టినా, సచ్చేదాకా మార్చనేదు." అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

స్టేషను మాస్టరు లోపలికెళ్లి గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. ఫోటోని అద్దానికి చూపించాడు. అద్దంలో చిలకమ్మది ఎడంపైట, నుయ్యి కొండకి ఎడంపక్క. ఆ కాలంలో ఫోటో గాజుపలక మీద పడేది; ఎవరో ఆ పలక తిరగేసి అచ్చు తీస్తే కుడి ఎడమైపోయిందన్నమాట. మనవాళ్లేమో మూడు గోతులు తవ్వి కూర్చున్నారు.

ఎడంపక్క నడుంలోతు తవ్వగానే బండలు తగిలాయి. బండలు లేపితే కింద నీళ్లు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఇటా అటా అని ఇద్దరు వాదులాడుకుంటే, "ముందు చిలకమ్మ పైట ఎటో చూడండర్రా" అంటారు. ఆ స్టేషన్లో బండి దిగిన కొత్తకోడలికి అత్తే ముందు ఆ నూతి నీళ్లు పోస్తుంది. పోసి, "నీ పైట నీకు అలవాటైనట్టే ఏసుకో అమ్మా" అంటుంది.